స్పర్శకాలం లేని సిద్ధాంతాలు

“బిగ్ బ్యాంగ్‌ని మాత్రం ఎవరు చూసొచ్చారండీ? అదీ ఊహే, మాదీ ఊహే!”

పెనుగొండలో ఈ మాట అమ్మవారి గుడి వీధి అరుగుల మీద వినపడుతుంది, కాలేజీ దగ్గర టీ కొట్లో వినపడుతుంది, తణుకు బస్సులో పక్క సీట్లోంచీ వినపడుతుంది. అనేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. రిటైరైన లెక్కల మేష్టారు, ఎరువుల కొట్టాయన, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి ఇంటికొచ్చిన కుర్రాడు. ఒకాయన లెక్కన మనమంతా ఒక పెద్ద బ్లాక్ హోల్ కడుపులో ఉన్నాం. ఇంకొకాయన లెక్కన పాలపుంత నడిమధ్య ఉన్న బ్లాక్ హోల్ ఏదో ఒక రోజు అన్నిటినీ మింగేసి మళ్ళీ కక్కుతుంది, ప్రళయమూ సృష్టీ అంటే అదే. మూడో ఆయనకు ఈ అవస్థలేవీ లేవు. ఇదంతా మన పురాణాల్లో కోట్ల సంవత్సరాల లెక్కతో సహా ఉంది, తెల్లవాళ్ళు ఇప్పుడిప్పుడే అందుకుంటున్నారు. ఆధారం ఏమిటని అడిగితే మాత్రం ముగ్గురూ ఒకే గూటికి చేరతారు: ఎవరు చూశారు, అదీ ఊహే.

ఊహించడం తప్పని నేననను. ఎండాకాలం డాబా మీద మంచం వేసుకుని పైకి చూసినవాడికి ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న పుట్టకపోతేనే అనుమానించాలి. నా పేచీ అల్లా ఆ “అదీ ఊహే”తో. చదువుకున్నవాళ్ళు, సభలకు అధ్యక్షత వహించేవాళ్ళు, పిల్లలకు సైన్సు చెప్పేవాళ్ళు కూడా “ఎవరి అభిప్రాయం వారిది” అంటూ దానికి తల ఊపేస్తున్నారు. మర్యాదగానే ఉంటుంది, కానీ పచ్చి అబద్ధం. పైపెచ్చు, తరతరాలుగా ఆకాశాన్ని లెక్కగట్టి బతికిన మన సిద్ధాంతుల పనికే అది అవమానం.

మూడో ఆయనతో మొదలుపెడతాను. ఊళ్ళో ఎక్కువ చెల్లుబాటు ఆయనదే.

ఆయన చెప్పేది ఇదీ. బ్రహ్మకు ఒక పగలు ఒక కల్పం, అంటే 432 కోట్ల సంవత్సరాలు. శాస్త్రజ్ఞులు భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలంటున్నారు. దాదాపు సరిపోలేదా? కార్ల్ సేగన్ అంతటివాడు కూడా 1980లో తన ‘కాస్మోస్’లో ఒప్పుకోలేదా? ఒప్పుకున్నాడు. హిందువుల కాలమానం ఆధునిక విశ్వశాస్త్రం చెప్పే కాలాలకు దగ్గరగా ఉందన్నాడు, అది కాకతాళీయమే అని కూడా ఆ వాక్యంలోనే అన్నాడు. రెండో ముక్క మనవాళ్ళు ఎప్పుడూ చదివి వినిపించరు.

సేగన్‌ని అవతల పెట్టి మన లెక్క మనమే చేద్దాం. కల్పం మొత్తం 432 కోట్లు సరే, అందులో గడిచిందెంత? ఏ పూజలోనైనా, ఏ పెళ్ళిలోనైనా పురోహితుడు సంకల్పంలో అది చెబుతూనే ఉంటాడు. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం. వైవస్వతుడు ఏడో మనువు కాబట్టి ఆరు మన్వంతరాలు అయిపోయాయి. మన్వంతరానికి 71 మహాయుగాలు, మహాయుగానికి 43,20,000 ఏళ్ళు. ఆరు మన్వంతరాలకు 184,03,20,000. మన్వంతరాల నడుమ కృతయుగమంత సంధి ఉంటుంది, మొదటిదానికి ముందున్న దానితో కలిపి ఏడు సంధులకు 1,20,96,000. ఏడో మన్వంతరంలో 27 మహాయుగాలు గడిచాయి, 11,66,40,000. ఇరవై ఎనిమిదో దానిలో కృత, త్రేతా, ద్వాపరాలకు 38,88,000. కలిలో 5,100 పైచిలుకు. అంతా కూడితే 197 కోట్ల 29 లక్షల 49 వేల చిల్లర.

భూమికి 454. విశ్వానికి 1,380. మన సంకల్పం ప్రకారం 197. సూర్యసిద్ధాంతం సృష్టి ముగియడానికి పట్టిన కాలమని మరో 1,70,64,000 ఏళ్ళు తీసేయమంటుంది, అప్పుడు ఇంకా తగ్గుతుంది. ఎక్కడ సరిపోయినట్టు? బ్రహ్మ పగలుంది, పగలూ రాత్రీ కలిపితే 864 కోట్లుంది, మన్వంతరముంది, మహాయుగముంది. ఇన్ని అంకెల్లో ఏదో ఒకటి దేనికో ఒకదానికి దగ్గరకు రాకపోతుందా? వచ్చినదాన్ని పట్టుకుని రానివాటిని దాచేయడాన్ని కాకిలెక్క అంటారు. రోజూ సంకల్పం వింటూ ఈ కూడిక ఒక్కసారి కూడా వేసుకోకుండా, అందులో విశ్వం వయసు ఉందని చెప్పడం ఏ రకం భక్తో నాకు తెలియదు.

ఇంతకీ ఆ మహా సంఖ్యలు ఎందుకు పుట్టాయి? గ్రహాలన్నీ ఆ కాలంలో పూర్తి సంఖ్యలో చుట్లు తిరిగేలా, భిన్నాల బెడద లేకుండా లెక్క సాగాలని. సూర్యసిద్ధాంతం ఒక మహాయుగంలో గురుడు 3,64,220 చుట్లు తిరుగుతాడంటుంది. 43,20,000ని 3,64,220తో భాగించి చూడండి. 11.861 సంవత్సరాలు వస్తుంది. ఇవాళ్టి కొలత 11.862. దూరదర్శిని లేని రోజుల్లో, కంటితో చూసి, తరాల తరబడి రాసిపెట్టుకుని సాధించిన అంకె అది. గర్వపడాలంటే దీనికి పడాలి. బ్రహ్మ పగటిని భూమి వయసుకు అతికించి మురిసేవాళ్ళలో ఈ 3,64,220 తెలిసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళం, ఈ అంకె మన బతుకులోకి ఎలా వస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే మనకు పుష్కరాలు. 2003లో వచ్చాయి, 2015 జులై 14న మళ్ళీ వచ్చాయి. మన పక్కనున్న సిద్ధాంతం అనే ఊరి వంతెన కింద రేవులో మునిగినవాణ్ణి ఎవణ్ణడిగినా పన్నెండేళ్ళకోసారి అంటాడు. అది వ్యవహారంలో మాట. 11.86కీ 12కీ ఉన్న తేడా పోగుపడి పోగుపడి, ఎనభై నాలుగు, ఎనభై అయిదేళ్ళకోసారి ఒక పూర్తి రాశి అవుతుంది. అప్పుడు పుష్కరం పదకొండో ఏటే రావాలి. హరిద్వార్ కుంభమేళా అందుకే 2010 తరవాత 2022లో కాకుండా 2021లో జరిగింది. పన్నెండన్నది శాస్త్రవాక్యమని భీష్మించుకుని కూర్చుంటే గురుడు వచ్చి అడగడు, వెళ్ళిపోతాడంతే. పంచాంగకర్తకు ఆ సంగతి తెలుసు. అతను మాటకు కాక ఆకాశానికి కట్టుబడ్డాడు.

గ్రహణం సంగతి ఇంకా గట్టిది. ఉగాదికి ముందే అచ్చయ్యే పంచాంగంలో ఆ ఏటి గ్రహణాలకు స్పర్శ, మధ్య, మోక్ష కాలాలు గంటా నిమిషాలతో ఉంటాయి. ఊరు ఊరంతా దాన్ని చూసుకునే పట్టు స్నానం, విడుపు స్నానం చేస్తుంది, ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తుంది. పండగ ఇవాళా రేపా అని పూర్వపద్ధతి వాళ్ళకూ దృక్‌గణితం వాళ్ళకూ ఏటా తగాదా వస్తుంది. గ్రహణం ఇవాళా రేపా అన్న తగాదా ఎప్పుడైనా విన్నారా? రాదు. ఎందుకంటే ఆ పూట చంద్రుడే తీర్పు చెప్పేస్తాడు, ఊరంతా సాక్షి. సిద్ధాంతి తాను తప్పిపోగలిగిన నిమిషాన్ని ముందుగా అచ్చు వేయించి, సంతకం పెట్టి, రూపాయలు తీసుకుని అమ్ముతాడు. తన సిద్ధాంతం ఎక్కడ ఓడిపోవచ్చో చెప్పినవాడికే సిద్ధాంతి అన్న పేరు చెల్లుతుంది. డెల్టాలో ఇది నిన్నా మొన్నా పుట్టిన నియమం కాదు, ఏ పాశ్చాత్య తత్వవేత్త దగ్గరా అప్పు తెచ్చుకున్నదీ కాదు.

ఇప్పుడు ఇదే కొలతతో బిగ్ బ్యాంగ్‌ని కొలుద్దాం. దానికి స్పర్శకాలం ఉందా?

ఉంది. విశ్వం ఒకప్పుడు విపరీతమైన వేడితో ఇరుకుగా ఉండి, తరవాత వ్యాపించిందనుకుంటే, ఆ వేడి చల్లారి చల్లారి ఇప్పటికీ ఆకాశం నిండా మిగిలి ఉండాలి. ఎంత? 1948లో రాల్ఫ్ ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ లెక్కవేసి పరమశూన్యం మీద సుమారు 5 డిగ్రీలన్నారు. అచ్చు వేశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1964లో న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్ ఉద్యోగులు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ వేరే పని మీద ఒక యాంటెన్నా వాడుతుంటే అందులో ఎటు తిప్పినా తగ్గని రొద వచ్చింది. పావురాల రెట్ట అనుకుని తుడిచారు. పోలేదు. అది సుమారు 3 డిగ్రీల వేడి. 1989లో ఎగిరిన కోబే ఉపగ్రహం దాన్ని నిక్కచ్చిగా కొలిచింది. 1990లో ఆ గ్రాఫును తెర మీద వేస్తే, సిద్ధాంతం గీసిన గీత మీద కొలతలన్నీ అతుక్కుపోయి ఉండడం చూసి, సభలోని ఖగోళజ్ఞులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇది ఊహేనా? ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాకుండా కాదు, రెండు డిగ్రీలు తప్పింది, నిజమే. కానీ ఊరికే “ఏదో శక్తి ఉంది” అని ఉంటే ఎప్పటికీ తప్పేది కాదు, ఎప్పటికీ పనికొచ్చేదీ కాదు.

రెండో స్పర్శకాలం హీలియం. మొదటి కొన్ని నిమిషాల వేడిలోనే హైడ్రోజన్‌లో కొంత హీలియంగా మారిపోవాలి, విశ్వంలోని మామూలు పదార్థంలో బరువు ప్రకారం నాలుగోవంతు. ఎక్కడ చూసినా దరిదాపుగా అంతే ఉంది. నక్షత్రాలు మండి అంత హీలియం తయారుచేయడానికి వాటికి వ్యవధి చాలదు. ఆ మాటకొస్తే హీలియం మనకు పరాయిది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగానే పోయింది. ఫ్రాన్సు నుంచి వచ్చి జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు, మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూస్తే గీతలు కనిపించాయి, వాటిలో ఒకటి పసుపు. సోడియం గీత ఉండాల్సిన చోట అది లేదు. భూమ్మీద ఎరగని మూలకమన్నాడు ఖగోళజ్ఞుడు లాకియర్. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో. గుంటూరు ఎండలో కనిపించిన ఆ గీతే ఇవాళ విశ్వం పుట్టుకకు సాక్ష్యం చెబుతోంది. ఎవరు చూశారని అడిగేవాళ్ళకు ఇంతకంటే దగ్గర సాక్ష్యం నేనెక్కణ్ణుంచి తేను?

“మరి శాస్త్రజ్ఞులే ఒప్పుకోలేదు కదా” అంటారు. ఫ్రెడ్ హాయిల్ ఒప్పుకోలేదు, మన జయంత్ నార్లీకర్ ఒప్పుకోలేదు. నిజమే. బిగ్ బ్యాంగ్ అన్న పేరే 1949లో బీబీసీ రేడియోలో హాయిల్ నోట వచ్చింది, తను కాదన్న సిద్ధాంతానికి ఆయనే నామకరణం చేశాడు. కానీ హాయిల్ ఎలా కాదన్నాడో చూడండి. విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్నది ఆయన స్థిరస్థితి సిద్ధాంతం. అది నిజమైతే దూరాన, అంటే గతంలో, ఉన్న రేడియో మూలాలు దగ్గరివాటి లాగే ఉండాలి. కేంబ్రిడ్జిలో మార్టిన్ రైల్ లెక్కపెట్టాడు, అలా లేవు. హీలియం నాలుగోవంతు ఎలా వచ్చిందని 1964లో లెక్కవేసినవాళ్ళలో హాయిల్ ఒకడు. రోజర్ టేలర్‌తో కలిసి వేసిన ఆ లెక్క తన ప్రత్యర్థికే బలమైంది. తన చేత్తో తన పక్షానికి నష్టం కలిగించే కూడిక వేసి అచ్చు వేయించినవాడితో మనవాళ్ళు పోల్చుకోవడం చూస్తే ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్న సామెత గుర్తొస్తుంది.

2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోలు రాగానే బిగ్ బ్యాంగ్ కూలిపోయిందని లోకమంతా చక్కర్లు కొట్టిన వార్త మన ఫోన్లలోకీ వచ్చింది. వెబ్ చూపించింది ఏమిటంటే, తొలి గెలాక్సీలు అనుకున్నదానికన్నా తొందరగా, ఎక్కువ వెలుగుతో తయారయ్యాయని. గెలాక్సీలు ఎలా కూడుకున్నాయన్న లెక్క తిరగరాయాల్సి వచ్చింది. ఆ మిగిలిపోయిన 2.7 డిగ్రీల వేడిని వెబ్ తుడిచేయలేదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను. మొట్టమొదటి క్షణంలో ఏం జరిగింది, అంతకు ముందు అన్నమాటకు అర్థముందా అన్నచోట శాస్త్రజ్ఞులవీ ఊహలే. విశ్వం ఎంత వేగంగా వ్యాపిస్తోందన్నదానికి వాళ్ళ కొలమానంలో ఒక పద్ధతిలో 67, ఇంకో పద్ధతిలో 73 వస్తోంది, ఎందుకో తేలలేదు. అయితే ఊహ ఎక్కడ మొదలైందో వాళ్ళు గీత గీసి చెబుతారు. మన అరుగు మీద గీత లేదు, అంతా ఒకటే ప్రవాహం.

మొదటి ఆయన దగ్గరికి వద్దాం. ముగ్గురిలో నాకు గౌరవమున్నది ఈయన మీదే, కనీసం కాగితం మీద లెక్క వేశాడు. విశ్వంలో కనిపించే మేర ఉన్న ద్రవ్యరాశిని కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, వ్యాసార్థం సూత్రంలో వేస్తే ఆ మేరకు సరిసమానమైన దూరమే వస్తోంది. కాబట్టి మనం బిలంలో ఉన్నాం. ఆయన దీన్ని తనే కనిపెట్టాననుకుంటున్నాడు. 1972లోనే రాజ్‌కుమార్ పాథ్రియా అనే భౌతిక శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో ఇదే అడిగాడు. ఇక అంకెలు కుదరడం గురించి: విశ్వం సాంద్రత ‘సందిగ్ధ సాంద్రత’ అనే విలువకు చాలా దగ్గరగా ఉందని కొలతల్లో తేలింది. ఆ విలువను గోళం ఘనపరిమాణంతో గుణించి, వచ్చిన ద్రవ్యరాశిని బిలం సూత్రంలో వేస్తే, కాంతి వేగాన్ని వ్యాప్తి రేటుతో భాగిస్తే వచ్చే దూరమే తిరిగి వస్తుంది. గురుత్వ స్థిరాంకం కొట్టుకుపోతుంది, పై (π) కూడా కొట్టుకుపోతుంది. పదో తరగతి బీజగణితం. అంటే ఆ కుదిరిక కొత్త సాక్ష్యం కాదు, పెట్టిన అంకే తిరిగి చేతికొచ్చింది. పైగా బిలంలో పడ్డవాడికి ఆ ఇరుకు ముందు, భవిష్యత్తులో ఉంటుంది, తప్పించుకోలేడు. మన విశ్వానికి ఇరుకు వెనక ఉంది, గతంలో. ఆ వ్యాప్తి వేగం పెరుగుతోందని కూడా 1998లో తేలింది. బొమ్మ తలకిందులైంది. పాథ్రియా దీన్ని ప్రశ్నగా వదిలిపెట్టాడు, మన మేష్టారు జవాబుగా అచ్చు వేయించి పంచుతున్నారు.

రెండో ఆయనకు ఇంత జవాబు అక్కర్లేదు. కృష్ణబిలం అన్నిటినీ లాగేసుకోదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బిలాన్ని పెడితే, దాని వ్యాసార్థం 3 కిలోమీటర్లుంటుంది, మనకు చీకటి పడుతుంది, చలికి చస్తాం, కానీ భూమి ఇప్పుడు తిరిగే కక్ష్యలోనే తిరుగుతుంది. భూమినే బిలంగా నొక్కితే గోళీకాయంత అవుతుంది, చంద్రుడు మాత్రం తన దారిన తాను పోతుంటాడు. పాలపుంత నడుమ ఉన్నదానికి సూర్యుడికి 43 లక్షల రెట్ల బరువుంది, 2022 మే 12న దాని బొమ్మ కూడా లోకం చూసింది. మనం దానికి 27,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాం.

ఇక వాదన తేలకపోతే వచ్చే ఆఖరి అస్త్రం: “చంద్రశేఖర్‌ని కూడా ఎడింగ్టన్ ఎగతాళి చేశాడు కదండీ!” చేశాడు. 1935 జనవరి 11న లండన్‌లో నిండు సభలో చేశాడు, అన్యాయంగా చేశాడు. కానీ పంతొమ్మిదేళ్ళ వయసులో ఇంగ్లండు ఓడలో చంద్రశేఖర్ వేసిన లెక్కకు ఒక అంకె ఉంది. శ్వేతకుబ్జ తార సూర్యుడికి సుమారు 1.4 రెట్లకు మించి బరువు మోయలేదు. మించి మోసేది ఒక్కటి చూపిస్తే ఆయన పని అయిపోయేది. ఎవరూ చూపించలేకపోయారు, 1983లో నోబెల్ వచ్చింది. కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి పైవాళ్ళ ప్రోత్సాహం లేని చిన్న ఉద్యోగంలో ఉంటూ 1955లో ‘ఫిజికల్ రివ్యూ’లో వేయించిన సమీకరణం మీదే తరవాత పెన్‌రోజ్, హాకింగ్ మేడ కట్టారు. బయటివాళ్ళను ఎవరూ రానివ్వరన్నది అబద్ధం. సమీకరణం లేకుండా లోపలికి రావాలనుకోవడమే చిక్కు. ఎగతాళికి గురైన ప్రతివాడూ చంద్రశేఖర్ కాడు.

“పోనిద్దురూ, ఎవరికేం నష్టం?” అనే పెద్దమనుషులున్నారు. 2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర కొత్త కణ త్వరణ యంత్రాన్ని నడిపించబోతుంటే, అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశపు టీవీ చానెళ్ళు అదే పనిగా చెప్పాయి. అంతకంటే ఎక్కువ శక్తితో అంతరిక్ష కణాలు కోట్ల ఏళ్ళుగా భూమిని ఢీకొంటూనే ఉన్నాయన్న ఒక్క ముక్క చెబితే భయం తీరేది. మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ళ పిల్ల ఆ భయంతోనే ప్రాణం తీసుకుందని పత్రికల్లో వచ్చింది. 2018 మార్చిలో, హాకింగ్ పోయిన రెండు రోజులకు, ఇంఫాల్ సైన్స్ కాంగ్రెస్‌లో కేంద్ర సైన్సు మంత్రి, ఐన్‌స్టీన్‌ని మించిన సిద్ధాంతం వేదాల్లో ఉందని హాకింగ్ చెప్పాడన్నారు. ఎక్కడ చెప్పాడని విలేకరులు అడిగితే మీరే వెతకండన్నారు. 2019 జనవరిలో జలంధర్‌లో, అదీ పిల్లల సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నారు. అక్కడే ఇంకొకాయన న్యూటన్, ఐన్‌స్టీన్ ఇద్దరూ తప్పని చెప్పి గురుత్వ తరంగాలకు ప్రధాని పేరు పెట్టాలన్నాడు. అరుగు మీది “ఎవరి అభిప్రాయం వారిది” ఎక్కడిదాకా ఎదుగుతుందో చూశారా? తెలుగులో మంచి పుస్తకాలు లేక కాదు. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ వచ్చి దశాబ్దాలైంది, మహీధర నళినీమోహన్ ఎంత రాశారో లెక్కలేదు. చదివినవాళ్ళే సభలో నోరు మెదపకపోతే పుస్తకం ఏం చేస్తుంది?

ఔత్సాహికులకు ఈ శాస్త్రంలో చోటు లేదని నేనన్నట్టు ఇది చదివి ఎవరైనా ప్రచారం చేస్తారేమో, అందుకని వాళ్ళ చరిత్ర కూడా చెబుతాను. కృష్ణబిలం అన్న ఊహ మొదట వచ్చిందే ఒక పల్లెటూరి పురోహితుడికి. యార్క్‌షైర్‌లో థార్న్‌హిల్ అనే ఊరి చర్చి ఫాదరు జాన్ మిచెల్, కొన్నాళ్ళు కేంబ్రిడ్జిలో పాఠం చెప్పినవాడే, 1783లో ఇలా రాశాడు: సూర్యుడంత సాంద్రతతో, సూర్యుడికి 500 రెట్ల వ్యాసంతో నక్షత్రముంటే దాన్నుంచి వెలుతురు కూడా తప్పించుకోలేదు. అది పూర్తిగా సరైన లెక్క కాదు, కాంతి గురించి ఆయనకున్న అవగాహన వేరు. కానీ ఆయన అక్కడ ఆగలేదు. కనపడని దాన్ని ఎలా పట్టాలో కూడా రాశాడు. దాని చుట్టూ వెలిగే నక్షత్రమేదైనా తిరుగుతుంటే ఆ తిరుగుడును బట్టి పట్టవచ్చు. పాలపుంత నడుమ ఒక తార పదహారేళ్ళకోసారి చుట్టిరావడాన్ని గమనించి గెంజెల్, ఘెజ్ 2020లో నోబెల్ అందుకున్నది సరిగ్గా ఆ పద్ధతిలోనే.

మన తీరంలోనూ ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టేలర్ అనే ఖగోళజ్ఞుడి దగ్గర నేర్చుకుని వచ్చి 1840లో తన ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు, 1868 గ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్నీ కొలిచాడు. జమీందార్లు, డబ్బున్నవాళ్ళు, ఒప్పుకుంటాను. కానీ 2016లో అర్జెంటీనా రొసారియోలో విక్టర్ బూసో అనే తాళాలు చేసే ఆయనకు ఏ జమీ ఉంది? కొత్త కెమెరా ఎలా పనిచేస్తుందో చూద్దామని డాబా మీద ఫొటోలు తీస్తుంటే ఒక నక్షత్రం పేలుతున్న మొదటి వెలుగు దొరికింది, 2018లో ‘నేచర్’లో ఆయన పేరు కూడా ఉన్న వ్యాసం వచ్చింది.

కృష్ణబిలం మీదే మోజైతే దానికీ దారుంది. 2015 జూన్‌లో, మనం ఇక్కడ పుష్కర ఘాట్లకు సున్నాలు వేయించుకుంటున్నప్పుడు, హంస మండలంలో, 7,800 కాంతి సంవత్సరాల దూరంలో, వి404 సిగ్ని అనే కృష్ణబిలం ఒక్కసారిగా విజృంభించింది. పక్క నక్షత్రం నుంచి లాక్కున్న పదార్థం దానిలోకి పడుతూ మిణుకు మిణుకుమంది. ఆ మిణుకును కొలిచినవాళ్ళలో దేశదేశాల ఔత్సాహికులున్నారు. క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ కొలతలన్నీ కలిపి 2016 జనవరిలో ‘నేచర్’లో వేశారు. 20 సెంటీమీటర్ల అద్దమున్న దూరదర్శిని చాలునన్నారు, మంచి సెల్‌ఫోను ధరకు వస్తుంది. అది అంతకు ముందు 1938లో, 1989లో కూడా అలా రేగింది. మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. శ్రవణానికి ఉత్తరాన, అభిజిత్తుకు తూర్పున, వానలు వెనకబట్టాక పెనుగొండ ఆకాశంలో హంస మండలం నడినెత్తికి దగ్గరగానే ఉంటుంది. ఎరువుల కొట్టాయన డాబా మీంచి ఆ రాత్రి అయిదు నిమిషాలకోసారి వెలుగు ఇంత అని రాసి, పక్కన టైము వేసి పంపితే క్యోటోలో వాడుకుంటారు. విశ్వరహస్యం బట్టబయలు అన్న కరపత్రాన్ని టీ కొట్లో పకోడీలకు వాడుతున్నారు, ఆ సంగతి కూడా మేష్టారికి ఎవరో ఒకరు చెప్పాలి.